రాతి మీద పెట్టే మాట

ఏదీ, ఆ ఫోను ఇలా దగ్గరగా పట్టుకో. కళ్ళజోడు ఎక్కడ పెట్టి చచ్చానో. ఆఁ... "మహోన్నతుడు." ఊఁ. మీ నాన్న సమాధి రాతికా? లారీ తోలే బ్రయన్‌కేనా? అబ్బే, నవ్వట్లేదమ్మాయ్, దగ్గొచ్చింది. ఈ రాతిపొడి నా గొంతులో కాపురం పెట్టి అరవయ్యేళ్ళు దాటింది. కూర్చో జెమ్మా. ఆ స్టూలు కాదు, దాని కాలు ఒకటి కుంటి. ఇదిగో, ఇటు. చెక్కడానికి నాకేం, మహోన్నతుడంటే మహోన్నతుడనే చెక్కుతా. కానీ తర్వాత మనసు మారితే తుడిచెయ్యడానికి ఇది పలక కాదు. అక్షరం ఎంత లోతు దిగిందో అంత మందాన రాయి మొహమంతా చెక్కేసి, పేరు దగ్గర్నించీ మళ్ళీ రాసుకురావాలి. రాయి పల్చబడిపోతుంది. నా జన్మలో ఆ పని ఒక్కసారే చేశాను. ఎవరికా? చెప్తా, ముందు టీకి నీళ్ళు పెట్టనీ.

మిస్ ఆష్‌వర్త్ అని ఉండేది. నువ్వు ఎరగవులే. మీ నాన్న చెవికి మాత్రం ఆవిడ వేళ్ళు బాగా తెలుసు. మిల్లు వెనకాల బడి, ఇప్పుడు తివాచీలమ్ముతున్నారే, అందులో టీచరు. పెళ్ళీ పెటాకులూ లేవు, బడే లోకం. ఆవిడ క్లాసులో గుడ్ అనే మాట రాయకూడదు. బూతుమాట అన్నా క్షమించేదేమో గానీ గుడ్ అంటే క్షమించేది కాదు. నేనోసారి రాశాను, "మాకు ఒక గుడ్ కుక్క ఉంది, దానికి ఒక గుడ్ బొమిక ఇచ్చాం" అని. ఇంక చూడు! ముక్కు మీదికి కళ్ళజోడు దింపి, "గుడ్ అంటే ఏం గుడ్, విల్‌ఫ్రెడ్? నీ బుర్రకి బద్ధకమా, నీ నాలుక్కి బద్ధకమా? కుక్క విశ్వాసం గలది. బొమికకి కండ ఉన్నది. ఇప్పుడు చూడు, కుక్క కనిపిస్తోందా లేదా?" అంది. కనిపించింది. ఒట్టు, ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. అదమ్మా ఆవిడ గొప్ప. అయినా ఆవిడ బాధా నిజమే, ఆ మాటని మనం వాడని చోటుందా చెప్పు? వానలో తడిసి ముద్దయినా గుడ్ మార్నింగే. రొట్టె గుడ్, పన్ను పీకించుకున్నాక ఎలా ఉందంటే గుడ్, పనికిమాలిన వెధవేమో గుడ్ ఫర్ నథింగ్. రైల్లో పోయే బొగ్గూ బస్తాలూ గూడ్స్. మనిషి ఊరొదిలేసి మళ్ళీ రాడంటే, ఫర్ గుడ్ పోయాడంటాం. అన్నింటికీ అదే గరిటె. ఆవిడకేమో దేని గరిటె దానికి ఉండాలి.

ఊళ్ళో ఎవరు పోయినా సమాధి రాయి మీద మాటకోసం ఆవిడ దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ఎప్పుడు మొదలైందో మా నాన్నకే తెలీదు. పాస్టరుగారు పాట చెప్తాడు, మిస్ ఆష్‌వర్త్ మాట చెప్తుంది, మేం చెక్కుతాం. వెళ్ళినవాళ్ళంతా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళేనాయె. నెరిసిన మీసాలవాడు కూడా ఆవిడ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాల్సిందే. ఒకరికిచ్చిన మాట ఇంకొకరికి ఇచ్చేది కాదు. ఇప్పుడు చర్చి పక్క సమాధుల్లోకెళ్ళి చూడు, "సహనశీలి" అని ఒకరు, "మాటకి నిలబడినవాడు" అని ఒకరు, "ఉదారుడు", "నిగర్వి"... ఆ "నిగర్వి" మా మావయ్యే. గర్వపడ్డానికి ఆయన దగ్గరేం ఉండేదని!

టీ చేదుగా ఉందా? పంచదార అదిగో, ఆ ఉలుల డబ్బా వెనకాల.

సరే, నెల్లీ గ్రిమ్‌షా సంగతి. మొగుడు లేడు, ఒక్కడే కొడుకు, కీత్. ఏడేళ్ళుంటాయి. చలికాలం మిల్లు చెరువు గడ్డకట్టిందంటే పిల్లలు దానిమీద జారకుండా ఆగుతారా? మేం జారాం, మా నాన్నలూ జారారు. ఆ ఏడు మంచు పల్చగా ఉంది. అంతే... నెల్లీ మిల్లు బట్టలతోనే టీచరమ్మ దగ్గరికెళ్ళింది. రాయి కొలత చెప్పాలని నేనూ ఉన్నాను. నెల్లీ చేతులు వెనక్కి కట్టుకుని, "గుడ్ ల్యాడ్ అని పెడతాను మిస్, మంచి పిల్లాడు అని. వాణ్ణి నేను అలాగే అనేదాన్ని. గంజి తాగేస్తే గుడ్ ల్యాడ్ అనేదాన్ని. బూట్లు గుమ్మం దగ్గర విప్పితే గుడ్ ల్యాడ్ అనేదాన్ని" అంది. మిస్ ఆష్‌వర్త్‌కి బాధ లేదనుకోకు, వాడు ఆవిడ క్లాసులోవాడే. ఎంతో మెల్లిగా, "అది కుక్కపిల్లల్ని అనే మాట నెల్లీ. నీ బిడ్డకి అంతకంటే పెద్ద మాట కావాలి. అపురూపుడు అని పెడదాం" అంది. ప్రేమగానే అంది, అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే నెల్లీ ఎదురు చెప్పేదేమో. "సరే మిస్" అని వచ్చేసింది. వీధిలోకొచ్చాక నాతో, "అపురూపుడు ఎవడు విల్ఫ్? మా ఇంట్లో అలాంటివాడు ఎవడూ లేడే!" అంది. నిజంగా వెతుక్కుంటున్నట్టే అడిగింది. నేను మాత్రం అపురూపుడు అనే చెక్కాను. ఆ తర్వాత మిస్ ఆష్‌వర్త్ ఈ పక్క వస్తుంటే నెల్లీ ఆ పక్కకి దాటిపోయేది. ఏళ్ళ తరబడి అంతే.

మరి దేవుడికి ఏం పని లేదనుకుంటా. మిస్ ఆష్‌వర్త్‌కి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ఊరందరికీ మాటలిచ్చిన మనిషి, మంచినీళ్ళు అడగడానికి మాట రాక గోడకేసి తిరిగి పడుకునేది. చూడ్డానికి వెళ్తే పక్కమీంచి చూసి కళ్ళు మూసుకునేది, సిగ్గు. ఆసుపత్రిలో ఆయా ఎవరనుకున్నావ్? నెల్లీయే. మిల్లు మూతపడ్డాక ఆ పనిలో చేరింది. ఇది నెల్లీ తనే నాకు చెప్పింది. మొదట్లో మొహం చూడకుండా గిన్నె పెట్టేసి పోయేదట. ఈవిడ తినదు, నోరు బిగించేసేది. ఒకరోజు నెల్లీకి విసుగొచ్చి పక్కన కూచుని చెంచాతో సూప్ పట్టిందట. ఏ కళనుందో, ఓ గుక్క మింగింది. మింగగానే నెల్లీ నోట్లోంచి, కావాలని కాదు, చేతిలో చెంచా ఉన్న ఏ తల్లికైనా వచ్చేసే మాటే, "గుడ్ గర్ల్!" అని వచ్చేసింది.

అనేసి నెల్లీ నాలిక్కరుచుకుంది. మిస్ ఆష్‌వర్త్ ఆమెకేసి చూసిందట. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయట, తుడుచుకోడానికి ఎడంచెయ్యైనా ఎత్తలేదట. నెల్లీయే తుడిచింది. తర్వాత ఆవిడ మళ్ళీ నోరు తెరిచింది. చిన్నపిల్లలు తెరుస్తారు చూడు, ఇంకో చెంచా కోసం... ఆ మాట కోసం.

అవునమ్మా. ఈ రుమాలు తీసుకో, ఆ ముక్క దగ్గర నాకూ కావాల్సొస్తుంది. రాతిపొడికి కాదులే.

కొన్నాళ్ళకి నన్ను పిలిపించారు. వెళ్తే, ఎడంచేత్తో నా కోటు పట్టుకుని రెండే మాటలు కూడదీసుకుంది. "కీత్... గుడ్." మళ్ళీ మళ్ళీ అవే. జన్మలో ఎవర్నీ రాయనివ్వని మాట! నాకు అర్థమైంది. పక్కనే ఉన్న నెల్లీతో, "రాయి తీసుకెళ్ళి మార్చనా?" అన్నాను. నెల్లీ దుప్పటి మడతపెడుతూ, "అక్కర్లేదు. రాతి మీద లేదని వాడికి వినపడకపోయిందా? నేను ఆదివారం ఆదివారం వాడి దగ్గరికెళ్ళి చెప్తూనే ఉన్నాగా" అంది. కోపం లేదు ఆ గొంతులో. మెత్తగా కూడా లేదు. టీచరమ్మ గోడకేసి తిరిగిపోయింది.

ఆవిడ పోయాక చూడాలి మా తిప్పలు! ఆవిడ రాతికి మాట ఎవరిస్తారు? చర్చి గదిలో పెద్దలంతా నిఘంటువు ముందేసుకుని కూచున్నారు. ఒకరు "విదుషీమణి" అంటారు, ఇంకొకరు "ధర్మనిష్ఠురాలు" అంటారు. "అది హాల్డేన్ ముసలమ్మకి ఇచ్చేశారండీ" అని నేను. మంచి మాటలన్నీ ఆవిడే పంచిపెట్టేసింది, తనకంటూ ఒకటీ మిగుల్చుకోలేదు. అప్పుడు వెనక బల్లమీంచి నెల్లీ లేచింది. చేతులు వెనక్కి కట్టుకోలేదు, నేను గమనించాను. "గుడ్ గర్ల్ అని పెట్టండి" అంది. పాస్టరుగారు, "నెల్లీ, ఆవిడ డెబ్భై దాటిన మనిషి..." అన్నాడు. "ఆఖరి ఏడాదంతా తినిపించింది నేను. ఏం వింటే ఆవిడ తినేదో నాకు తెలుసు" అంది. పాస్టరుగారు నిఘంటువు మూసి పక్కన పెట్టేశాడు.

రాయి నిలబెట్టిన రోజు నెల్లీ వచ్చి అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంది. చదివాక నాకేసి చూడకుండానే, "ఇప్పుడు మావాడిది కూడా మార్చు విల్ఫ్" అంది. అదీ, నేను జన్మలో ఒక్కసారి చేసిన పని. వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళు. కీత్ రాయి మిగతావాటికంటే పల్చగా ఉంటుంది.

అందుకే అడుగుతున్నా తల్లీ, మహోన్నతుడు వద్దనట్లేదు, నీ ఇష్టం. పొద్దున్నే లారీ దిగి, మట్టి బూట్లతో మీ నాన్న గుమ్మంలోకి వచ్చేవాడు కదా. అప్పుడు నువ్వు ఏమనేదానివి? ... ఏమిటీ? ఇటు, ఈ చెవిలో చెప్పు. ...

ఆ పెన్సిలు ఇలా ఇవ్వు.