ఖాళీ అట్టలు

బుధవారం కాకపోయినా, ఆసుపత్రి మందుల పరిశోధన విభాగంలో ఫోన్లు చేసే అమ్మాయి గది తలుపు దగ్గరగా వేసి ఒకప్పుడు లిఫ్టు నడిపిన బాబాయికి ఫోన్ చేసింది.

"ఇవాళ శుక్రవారం కదమ్మాయ్. మొన్న బుధవారం అన్నీ చెప్పానుగా."

"చెప్పారు బాబాయ్. మళ్ళీ ఒకసారి అడుగుదామని."

"మళ్ళీ ఏముంది, అవే. నిద్ర బానే పట్టింది. ఆకలి అంతంతమాత్రం. కీళ్ళ నొప్పి పదికి రెండు. మాత్రలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రాసుకో."

"మాత్రలు వేసుకునేది పిన్ని కదా, పిన్నికే ఫోనివ్వండి."

"పడుకుంది."

"బుధవారం కూడా పడుకునే ఉంది."

"పెద్దావిడ, పడుకోదూ?"

"అంతకు ముందు వారం స్నానానికి వెళ్ళింది. ఆ ముందు వారం పక్కింటికి వెళ్ళింది. పిన్ని గొంతు విని ఎన్నాళ్ళైందో నాకు ఇవాళ తట్టింది బాబాయ్."

"ఏంటమ్మాయ్, పోలీసులు ఆరా తీసినట్టు..."

"పిన్ని పోయి మూడు నెలలు కావస్తోంది కదా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ మా పరిశోధన కాగితాలు మావి, వేరే ఆసుపత్రుల్లో, వార్డుల్లో రాసేవి వాళ్ళవి. ఒకరివి ఒకరికి కనబడేవి కావు. నిన్నటినుంచి అన్నీ కలిపేశారు. కంప్యూటర్లో పేరు కొడితే ఆ మనిషికి ఎక్కడ ఏం జరిగిందో అంతా ఒకే చోట వస్తుంది. పిన్ని పేరు కొట్టాను. తేదీ వేసి ఉంది."

"ఆహా. మంచి పనే చేశారు."

"మంచి పనా! ఆ తేదీ తర్వాత పదకొండు బుధవారాలు నేను అడిగాను, మీరు చెప్పారు. ప్రతి దాని కిందా నా సంతకం ఉంది బాబాయ్."

"నీ ఉద్యోగానికేమైనా ముప్పా?"

"నా సంగతి తర్వాత. పోయిన మనిషికి నిద్ర బానే పట్టిందని చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది?"

"నువ్వు అడిగావుగా."

"అడిగితే?"

"అడిగేవాళ్ళెవరు చెప్పు. మొదటి వారం అందరూ వచ్చారు, పోయారు. తర్వాత ఎవరూ ఆవిడ ఊసెత్తలేదు. ఎత్తితే నేనేమైపోతానో అని భయం కాబోలు. నువ్వొక్కదానివే ఫోన్ చేసి, పిన్ని ఎలా ఉంది బాబాయ్, అన్నావు. బానే ఉంది అనేశా. పై వారం నిజం చెప్పేద్దామనుకున్నా. పై వారమూ అలాగే అడిగావు."

"ఒక్క ఏడుపు లేదు, గొంతు వణకడం లేదు. నాకెలా తెలుస్తుంది?"

"వస్తే కదా. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు. లిఫ్టులో స్టూలు మీద కూర్చున్నట్టే ఉంది నాకు. ఎవరో ఎక్కుతారు, ఎవరో దిగుతారు. నేను అక్కడే."

"బాబాయ్, నాకు కోపంగా ఉంది. మీ మీద జాలి కూడా ఉంది. రెంటికీ ఇప్పుడు టైము లేదు. నాలుగింటికి డాక్టర్ల మీటింగు."

"వెళ్ళు మరి."

"ఆ మీటింగు మీ గురించే అనుకోండి. ఈ మాత్ర ఇదే మోతాదులో ఉంచాలా, ఆపాలా ఇవాళ తేలుస్తారు. ఇప్పుడు నలభై ఒక్క మంది వేసుకుంటున్నారు. సరేనంటే వచ్చే నెల ఇంకో మూడొందల మందికి మొదలుపెడతారు."

"నొప్పికి మంచి మాత్రే. మీ పిన్ని ఆరేళ్ళ తర్వాత తన చేత్తో సూదిలో దారం ఎక్కించుకుంది."

"నొప్పి తగ్గిస్తోంది, కాదనను. అనుమానమల్లా తిమ్మిరి. ఆరుగురికి కాలి వేళ్ళల్లో వచ్చింది, అక్కడే ఆగింది. పైకి పాకిందని ఉన్నది పిన్ని కాగితాల్లో మాత్రమే. ముందు వేళ్ళు. తర్వాత మడమ, పిక్క. మొన్న బుధవారం మోకాలు. అది చూసే మా పెద్ద డాక్టరు ఆపేద్దామంటున్నారు."

"ఆపమను."

"ఎలా ఆపుతారు! అవన్నీ పిన్ని పోయాక మీరు చెప్పినవి. పిన్ని ఉన్నప్పటివి నా ముందే ఉన్నాయి. తిమ్మిరి ఉందా, లేదు. తిమ్మిరి ఉందా, లేదు. ఇరవై వారాలు ఇదే జవాబు. బతికున్నన్నాళ్ళూ లేదని చెప్పి, పోయాక ఉందంటారా?"

"అప్పుడు చెప్పిందే అబద్ధం."

"ఏంటీ?"

"అప్పుడే ఉంది. చెప్పొద్దంది. చెబితే మాత్ర ఆపేస్తారు, మళ్ళీ చేతులు కొయ్యబారిపోతాయి, నోరు మూసుకుని లేదనండి, అంది. నువ్వు అడుగుతుంటే పక్కనే కూర్చుని నాకు వేలు చూపించేది."

"అయ్యో పిన్నీ... ఎంతవరకు పాకింది?"

"నాకు చెప్పిందెక్కడ? ఒక్కసారి మాత్రం, మెట్టు కంటికి కనబడుతోంది గానీ కాలికి తెలియడం లేదండీ, అంది. నేను నవ్వాను. ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపినవాణ్ణి, మెట్ల సంగతి నన్నడుగుతావేంటి, అన్నా. మా ఇంటికేమో లిఫ్టు లేదు."

"పడింది ఆ మెట్ల మీదేనా? ఇక్కడ, జారిపడి తలకు దెబ్బ, అని రాశారు."

"కిందనుంచి నాలుగో మెట్టు. జారలేదు. రాసినవాళ్ళకేం తెలుసు. కాలు పెట్టాననుకుంది, అంతే."

"కాలు పెట్టాననుకుని... ఎంత పని జరిగింది బాబాయ్!"

"ఏడుస్తున్నావా తల్లీ? ఏడవకు. నీకు మీటింగుంది."

"లేదు లేదు. బాబాయ్, ఇది రాయడానికి నాకు వీల్లేదు. అప్పుడు లేదన్నారు, ఇప్పుడు ఉండేదంటున్నారు. ఎవరు నమ్ముతారు? నాకేమనిపిస్తోందో చెప్పనా? అప్పుడు దాచారు. ఆ బాధ కొద్దీ, ఈ పదకొండు వారాలూ మీరే ఊహించి ఒక్కో వారం ఒక్కో మెట్టు పైకి చెప్పుకుంటూ వచ్చారు."

"అలాగే అనుకో."

"అనుకోవడం కాదు, అవునో కాదో చెప్పండి. ఊహించారా?"

"బెల్లు మోగుతోంది."

"తలుపు తీసి రండి, నేనుంటాను."

"మోగనీ. వాళ్ళే పోతారు."

"ఎవరో ఏమిటో చూడండి, పర్లేదు."

"పక్కింటావిడే అయ్యుంటుంది. నిన్న ఒంటి కాలి చెప్పుతో ఇంటికొచ్చానని పడీ పడీ నవ్వింది. రెండోది ఎక్కడో ఊడిపోయింది, చూసుకోలేదు. వెతికి తెచ్చుంటుంది."

"చెప్పు ఊడినా తెలియనంత పరధ్యానమా! మీకు తిండైనా సరిగ్గా ఉంటోందా? ఆకలి అంతంతమాత్రం అన్నది మీదేనా?"

"నాదే. నిద్రా నాదే. ఆవిడ సంగతి నాకేం తెలుసు, నాది నీకు చెప్పా."

"సరే, ఇది చెప్పండి. మాత్రల పార్శిలు నెలనెలా వస్తూనే ఉంది కదా. మీరు ఖాళీ అట్టలు వెనక్కి పంపారు. నేనే చూశాను, ఒక్క గుంటలోనూ మాత్ర మిగల్లేదు. ఏం చేశారు, కాలవలో పారేశారా?"

"మీకు కావలసింది ఖాళీ అట్టలేగా."

"అంటే పారేశారన్నమాట."

"పారేయడమా? ఆవిడ అంత ప్రాణంగా దాచుకున్న..."

"ఆఁ, వస్తున్నా డాక్టరుగారూ, ఒక్క నిమిషం! బాబాయ్, పిలుస్తున్నారు. నేనింక ఆగలేను. తేదీ తర్వాతవి మొత్తం కొట్టేస్తున్నాను."

"నిద్ర కొట్టెయ్. ఆకలి కొట్టెయ్."

"అన్నీ బాబాయ్. పిన్నివి కానివి పిన్ని పేరు మీద ఉంచకూడదు."

"కొట్టేస్తే మాత్ర ఆపరు కదూ?"

"ఆపరు. ఎందుకాపుతారు? ఆరుగురికి వేళ్ళల్లో కొంచెం, అంతేగా మిగిలేది. మూడొందల మందికీ ఇస్తారు."

"వాళ్ళ ఇళ్ళకీ మెట్లుంటాయి."

"నన్ను చంపకండి బాబాయ్. నా చేతిలో ఏముంది?"

"తిమ్మిరి ఒక్కటి ఉంచు."

"ఎలా ఉంచను?"

"అది ఊహించింది కాదు. ఉంచు తల్లీ."

"పిన్ని లేదు! లేని మనిషి కాళ్ళకు తిమ్మిరేంటి? ఎవరిదని ఉంచమంటారు?"

"నా పేరు రాయి."

"మీ పేరెందుకు?"

"ఎంతవరకు పాకిందో ఆవిడ చెప్పలేదు కదమ్మా. తెలుసుకుందామని ఆ మాత్రలు నేనే మింగుతున్నా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇవాళ తొడ దాకా వచ్చిందని రాసుకో. లేవలేకే తలుపు తీయలేదు."