రెండు గదులకు తాళం వేయించిన మేడమ్ గారు

1993వ సంవత్సరం జూలై పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, జిల్లా విద్యా కార్యాలయంలో గుమాస్తాగా ఒక యువతి విధులలో చేరారు. హాజరు పట్టీలో తొలి సంతకం చేస్తుండగా సిరా మరక పడిందనీ, దానికి మెమో ఇస్తారేమోనన్న దిగులుతో ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదనీ వారే నవ్వుతూ చెప్పేవారు. అంతటి భయస్థురాలు ముప్పై రెండేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

చేరిన తొమ్మిదేళ్లకు, తల్లిదండ్రులను పాఠశాలల నిర్వహణలో భాగస్వాములను చేసే కుటుంబ సంప్రదింపుల విభాగం ఏర్పడింది. ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ బాధ్యత మేడమ్ గారి నెత్తిన పడింది. తొలి సమావేశానికి వేసిన నూట ఇరవై కుర్చీలలో నిండినవి ఏడు. రానివారి ఇళ్లకు తామే వెళ్లాలని నిశ్చయించుకున్నారు గానీ, ప్రతి గుమ్మం ముందూ ఆగి, చెప్పాల్సిన మాటలు లోలోపల రెండుసార్లు అప్పజెప్పుకున్నాకే తలుపు తట్టేవారు.

అలా వెళ్లిన ఇళ్లలో ఒకటి, బట్టలు కుట్టి సంసారం నెట్టుకొస్తున్న ఒక తల్లిది. ఆమె మిషను ఆపకుండానే అన్నది:

"మీటింగుల్లో నాలాంటిదాని మాట ఎవరు వింటారు మేడమ్? మా పాప జడ విప్పితే రోజూ సున్నం పెళ్లలు రాలుతున్నాయి. ఆ బళ్లో ఏదో తేడాగా ఉంది."

మర్నాడే మేడమ్ గారు ఆ బడికి వెళ్లారు. మూడో తరగతి గదిలో బల్లలపై తెల్లటి పొడి. పైన దూలం పక్కన సన్నటి పగులు. పక్క గదిలోనూ అదే తీరు. భవనం పటిష్ఠంగా ఉందని ఇంజనీరు నివేదిక అప్పటికే ఫైలులో ఉంది.

"ఇంజనీరు కంటే మీకు ఎక్కువ తెలుసా?" అన్నారు పై అధికారి. "రేపు ఏమీ కాకపోతే జవాబు మీరే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను సార్" అన్నారు మేడమ్ గారు. తమ సంతకంతోనే రెండు గదులకూ తాళం వేయించారు.

తరువాతి పదకొండు రోజులూ వారికి కంటి మీద కునుకు లేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవారు. కప్పు నిలిస్తే ఉద్యోగం పోతుంది. పిల్లలు కూర్చునే గది కూలాలని కోరుకోవడానికి మనసొప్పదు. "కూలితే బావుణ్ణని ఒక్క క్షణం అనుకున్నానండీ, నేనేం మనిషిని?" అని భర్త ఎదుట కన్నీరు పెట్టుకున్నారు.

ఇంతలో మిషను ఆపి ఇల్లిల్లూ తిరిగిన ఆ తల్లి మాటకు కుటుంబాలు కదిలాయి. భవనానికి దూరంగా ఆవరణలో టార్పాలిన్లు కట్టి, చాపలు పరిచి, ఆ రెండు గదుల పిల్లలకు అక్కడే పాఠాలు జరిగేలా చూసి, పెద్దలు వంతులవారీగా కాపలా కాశారు. పన్నెండవ రోజు, మొదటి గంట కొట్టిన కాసేపటికి, మూడో తరగతి గది కప్పు సగానికి సగం బల్లల మీద కూలింది.

పరుగున వెళ్లిన మేడమ్ గారు నలభై ఒక్కమంది పిల్లలనూ తల తాకి మరీ లెక్కపెట్టారు. నమ్మకం చాలక మళ్లీ మొదలుపెట్టారు.

"అందరూ ఉన్నారు మేడమ్. ముందు మీరు కూర్చోండి, పడిపోయేలా ఉన్నారు" అంటూ ఆ తల్లే పట్టుకుంది.

నేడు జిల్లాలోని ప్రతి పాఠశాల తనిఖీ బృందంలోనూ ఇద్దరు తల్లిదండ్రులు ఉంటున్నారు. ఆ నియమం సాధించడానికి మేడమ్ గారు మూడేళ్లు గడగడలాడుతూనే అధికారులందరి ఎదుటా నిలిచారు. వారి భయం ఏనాడూ తగ్గలేదు. భయపడి ఆగిపోయిన రోజు మాత్రం లేదు.

మొన్న కార్యాలయ సహోద్యోగులం వారింటికి వెళ్లినప్పుడు, "వచ్చే నెల నుంచి పొద్దున్నే ఏం చెయ్యాలో తలుచుకుంటే భయమేస్తోంది" అన్నారు. "నీకు భయపడటానికి ఏదో ఒకటి దొరుకుతుందిలే" అన్నారు వారి భర్త.

ఇక దొరకకూడదనే మా అందరి ఆకాంక్ష. మేడమ్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, దీర్ఘాయుష్షుతో, తెల్లవారేదాకా మెలకువ రాని నిద్రతో, కుటుంబ సమేతంగా కలకాలం చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.