అడ్డొచ్చిన ఆకులు

ముట్టుకోలేదా? ఆహా! ఏదీ, ఆ కంప్యూటర్ వైపు కాదు, నా మొహంలోకి చూసి ఇంకోసారి అనండి.

మధ్యాహ్నం టీచరమ్మగారి జాకెట్టు లైనింగు మీద పెట్టానో లేదో, నమలడం మొదలెట్టింది నా కత్తెర. కోయడం కాదండీ, నమలడం! పెళ్ళికి ముందునుంచీ నా చేతిలో ఉన్న కత్తెర అది. గుడ్డకి తప్ప దేనికీ తగలనివ్వను. పాల ప్యాకెట్టు కత్తిరించిందని మీ చెల్లెలితో ఆర్నెల్లు మాట మానేశాను, మర్చిపోయారా? ఇవాళ చూస్తే అంచు పొడుగునా పచ్చటి జిగురు.

పైగా, 'కత్తెర ఎవరు తీశారండీ' అని నేనింకా పూర్తిగా అడగనే లేదు, 'నేను బాల్కనీలోకే వెళ్ళలేదు' అంటారు! బాల్కనీ మాట నేనెత్తానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

కూర్చోండి. లేవకండి. టీ పెట్టను.

సెలవొస్తే చాలు, చీకటితోనే లేచి, ఆ ఆకుల రంగు చొక్కా తగిలించుకుని, మెడలో ఆ కెమెరా గొట్టం వేలాడేసుకుని చెరువు గట్టుకి బయల్దేరేవారు. తీరా తెచ్చేదేమిటి? తోకలు! ఇన్నేళ్ళలో మీరు తీసిన పిట్టల ఫొటోలన్నీ తోకలూ, ఖాళీ కొమ్మలూ. 'ఇప్పుడే ఎగిరిపోయిందే, ఇదిగో ఇక్కడే ఉండాలి' అని నాకు కొమ్మ చూపించేవారు. అడిగితే వెలుతురు బాగాలేదు, మంచు పట్టింది, లెన్సు చిన్నది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మా చెల్లెలి మొగుడూ మీరూ చేసిన ఘనకార్యం సంగతో! పొదకి అటు ఆయన, ఇటు మీరు. ఒకళ్ళొచ్చినట్టు ఇంకొకళ్ళకి తెలీదు. ఫోన్లో ఏదో అరుదైన పిట్ట కూత పెట్టి ఇద్దరూ దాక్కున్నారు. మీ ఫోను కూస్తే ఆయన ఫోను పలకడం, ఆయనది పలికితే మీరు మురిసిపోవడం! పొద్దెక్కేదాకా ఒకరికొకరు కూసుకున్నారు కదండీ, మహానుభావులు! ఆ పిట్ట ఎక్కడో కూర్చుని కడుపుబ్బ నవ్వుకుని ఉంటుంది.

నేనూ నవ్వాను. ఒప్పుకుంటాను. బురదలో పడి జ్వరం తెచ్చుకున్నా మీ జ్వరమే కదా, ఇంకెవరికీ నష్టం లేదు కదా అని ఊరుకున్నాను.

కానీ ఈ పికిలిపిట్టలు మన చెరువు గట్టుకి పోలేదండీ. మనింటికొచ్చాయి. మన బాల్కనీ తీగలో, మనల్ని నమ్మి గూడు కట్టుకున్నాయి. గుడ్లు పెట్టిన దగ్గర్నుంచీ అటువైపు బట్టలారేయడం మానేశాను. మిషన్ కూడా మెల్లగా తొక్కుతున్నాను.

మీకేమో ఆకులు అడ్డొచ్చాయి!

నేను కుట్టిన బట్టలిచ్చి రావడానికి అలా వెళ్ళగానే, ఇలా చకచకా కత్తిరించేశారు. ఎండ సూటిగా గూట్లో పిల్లల మీద పడాలి, నోళ్ళు ఎర్రగా మెరవాలి. ఫొటో తీశారు, పరిగెత్తారు. క్లబ్బులో ఆ పెద్ద లెన్సాయనకి చూపించుకోవద్దూ మరి! ఆ ఆకులు ఎందుకున్నాయో ఒక్క క్షణం ఆలోచించారా? ఆ పిచ్చితల్లి వెతికి వెతికి ఆ చాటు ఎందుకు ఎంచుకుందో?

మీకు అడ్డమొచ్చిన ఆకులు కాకికీ అడ్డమేనండీ.

నేనక్కడ జిగురు తుడుచుకుంటూ కూర్చున్నాను. బయట అరుపులు. తల్లీ తండ్రీ రెండూ కలిసి ఒకటే గోల. స్కేలుబద్ద పట్టుకుని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే కాకి ఒకదాన్ని ముక్కున కరుచుకుని ఎదురు మేడ మీద వాలింది. నేనిక్కణ్ణుంచి బద్ద ఊపుతున్నాను. అది నన్ను చూస్తూనే తింది.

ఏం, తల దించుకున్నారేం? ఇంటికొచ్చిన మనిషి ఒక్కసారి అటు చూశారా? చెప్పులు విడిచారో లేదో, పోటీకి ఫొటో పంపాలి, ఇవాళే ఆఖరు రోజంటూ ఇక్కడ కూలబడ్డారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

టీచరమ్మగారి లైనింగు ఆకుపచ్చది. కోసేశాను. ఆవిడకి వేరే కొనిస్తాలెండి. ఆ పాడైన కత్తెరతోనే ఆకుల్లా కోశాను. అంచులు పీలికలు పీలికలుగా వచ్చాయి, ఆకులకి అదే నయం. గుండుసూదులు పెడితే పిల్లలకి గుచ్చుకుంటాయని దారంతో తీగకి కట్టి, కర్టెను వెనక్కొచ్చి నిలబడ్డాను.

తల్లి రాదండీ! ముక్కులో పురుగు పట్టుకుని తీగ మీద కూర్చుంది. తల అటు తిప్పుతుంది, ఇటు తిప్పుతుంది, నా గుడ్డాకులకేసి చూస్తుంది, రాదు. లోపల మిగిలిన రెండూ కీచుకీచుమంటున్నాయి. ఇక గూడు వదిలేస్తుందేమో, నా చేతులారా నేనే మిగిలినవాటినీ చంపేశానేమో అనుకున్నాను. కాలు తిమ్మిరెక్కింది. కదల్లేదు. ముక్కు దురద పెట్టింది. గోక్కోలేదు.

ఎంతసేపటికో, చటుక్కున ఆకు కిందికి దూరింది. పురుగు పెట్టింది. ఒక్క రెప్పపాటండీ, అంతే. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

మీరు చీకట్లో లేచి ఆ బురదలో ఎందుకు పడి ఉంటారో అప్పుడు తెలిసింది నాకు. ఛీ! ఈ మాట మీతో చచ్చినా అనకూడదనుకున్నాను.

ఏదీ, జరగండి. చూడనివ్వండి.

అబ్బ... మూడూ నోళ్ళు తెరుచుకుని... తల్లి రెక్క మీద ఈక ఈకా కనిపిస్తోంది. బావుందండీ. అదే నా ఏడుపు. ఇన్ని తోకల తర్వాత మీకో ముఖం దొరికింది, దాన్ని చూసి సంతోషించే యోగం కూడా నాకు లేకుండా చేశారు. ఆ మధ్యలోది, గొంతు బాగా సాచిందే, అదే పోయింది.

ఏం, చెయ్యి ఆగిపోయిందేం? ఏమడుగుతోంది అది? 'గూటిని గానీ, చుట్టుపక్కల చెట్టూ చేమని గానీ నేను ముట్టుకోలేదు.' ఓహో, అవునని నొక్కితేగానీ తీసుకోదన్నమాట.

నొక్కండి మరి, మొహమాటమెందుకు? ఇందాకే నాతో అన్నారుగా. రెండోసారి ఇంకా తేలిగ్గా వస్తుంది.