అంజూరపాకు బేరం

బట్టల కొట్టు వెనకభాగం. ట్రయల్ రూము తెర వెనక తువ్వాలు చుట్టుకుని పాస్టరుగారు. తెర ముందు, ఇస్త్రీ చేయించి ఇస్తానని విప్పించిన ఆయన ప్యాంటూ చొక్కా చంకలో పెట్టుకుని కొట్టు షావుకారు.

“షావుకారూ, నా బట్టలు ఇటివ్వవయ్యా! అరగంటలో పెళ్ళి జరిపించాలి నేను.”

“ఇస్తానండయ్యగారూ. ముందు ఆదివారం చెప్పిన ప్రసంగం వెనక్కి తీసుకోండి.”

“ఏ ప్రసంగం?”

“ఏ ప్రసంగమా! దేవుడి తోటలో ఆ మొదటి దంపతులు దిసమొలలతో ఉండీ సిగ్గుపడలేదంటే, ఒకరి దగ్గర ఒకరు ఏదీ దాచుకోలేదని అర్థం అన్నారు. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని విన్నది. అప్పట్నించీ ఒకటే పాట. ‘నా దగ్గర దాచిందేమిటో సాయంత్రంలోపు చెప్పండి, లేదా మా అన్నయ్య ఇంటికి పోతా’ అంటోంది.”

“చెప్పెయ్ మరి!”

“వ్యాపారస్తుణ్ణండీ. సరుకు కొన్న ధర మా నాన్నకే చెప్పలేదు.”

“అయ్యా, చలేస్తోంది.”

“సిగ్గు లేదన్నారుగా, బయటికి రండి.”

“అది పాపానికి ముందు! తర్వాత దేవుడే వాళ్ళకి చర్మపు చొక్కాలు తొడిగాడు. అదీ చెప్పాను.”

“విన్నాను. కొలతలు తీసుకోలేదు, వారం ఆగి రమ్మనలేదు. అంటే రెడీమేడే! ఈ ముక్క పక్కవీధి దర్జీకి మీ నోటితో చెప్పాలి.”

“చెబుతాను, ప్యాంటివ్వు.”

“ముందు నాకో తప్పు చూసిపెట్టండి, ఆవిడకి చెప్పడానికి. చవగ్గా రావాలి, బరువుగా కనబడాలి. చాటుగా మిఠాయి తింటానంటే?”

“నీ పొట్ట ఎప్పుడో చెప్పేసింది.”

“మీ ప్రసంగంలో కునుకు తీస్తానంటే?”

“నీ గురక ఆగితేనే సంఘం ఆమెన్ అంటోంది.”

“పోనీ, మీరే ఒకటివ్వండి. ఊరందరివీ మీ దగ్గరుంటాయిగా.”

“చిన్నది ముందు పెట్టి పెద్దది కప్పుకుంటున్నావు. పాపం చేశాక ఆ దంపతులు చుట్టుకున్న అంజూరపాకంటే అదేనయ్యా. అసలుదేమిటి?”

“అది బయటపడితే కొట్టు మూతే.”

“దొంగసరుకా?”

“ఛఛ!”

“ఇంకో కాపురమా?”

“ఉన్నదానికే దిక్కులేదు! అయ్యగారూ... మీ కొత్త టై ఏ రంగు?”

“ఎరుపు. నువ్వే ఎంచి ఇచ్చావుగా!”

“నాకు తెలీదండి. ఎరుపూ ఆకుపచ్చా నా కంటికి ఒకటే. పుట్టుక నుంచీ అంతే.”

“ముప్ఫై ఏళ్ళుగా బట్టలమ్ముతున్నావే!”

“దేవుడి దయ. నా పెళ్ళయిన ఏడే మిల్లువాళ్ళు బట్ట తాను కొసన పెన్సిలుతో రంగు పేరు రాయడం మొదలెట్టారు. అది చదివి ‘అమ్మా, ఈ దానిమ్మ ఎరుపు మీ కోసమే పుట్టింది’ అంటాను. ఇంట్లోనూ అదే నాటకం. రంగు తెలీని బట్టలవాణ్ణి కట్టుకున్నానని తెలిస్తే ఆవిడ నా మొహం చూస్తుందా?”

“ముందు అయ్యగారికి ప్యాంటిచ్చెయ్యండి.”

“నువ్వా! ఎప్పుడొచ్చావే?”

“మీరు తప్పులు బేరమాడుతున్నప్పుడు.”

“అయితే... విన్నావా?”

“ముప్ఫై ఏళ్ళుగా మీరే చెబుతారని చూశాను. పెళ్ళయిన వారానికి ఎర్ర మేజోడొకటీ పచ్చ మేజోడొకటీ జత అని నా చేతిలో పెట్టారే, ఆ మర్నాటి నించీ మధ్యాహ్నం మీరు కునుకు తీయగానే తానుల మీద పెన్సిలుతో రాస్తున్నది నేనండీ.”