శీలావతి పొలుసుల లోలాకులు

"చరణ్‌తేజా! టీ చల్లారిపోతోంది, ముందు తాగి తర్వాత కోతలు కొయ్యరా!" అని యేసమ్మత్త కేకేసింది. ఏలూరు స్టేషన్ బయట టీ బడ్డీ ఆవిడదే. నేనెక్కడ ఆగుతాను? పక్క ఫ్యాన్సీ షాపులో పనిచేసే నాగదుర్గ గారు అప్పుడే గ్లాసు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడ టీ అయిపోయేలోగా నా పనితనమంతా ఆవిడ చెవిన పడాలి.

"ఏముందండీ, చిన్న పనే. చేపల మార్కెట్లో పారేసే శీలావతి పొలుసులు తెచ్చి, ఉప్పూ నిమ్మకాయా వేసి కడిగి, రంగులద్ది, పూరేకుల్లా పేర్చి లోలాకులు చేశాను. బంగారంతో ఎవరైనా చేస్తారండి, పొలుసుతో చేసినోడే మొనగాడు. ఒక్కటే పొరపాటు, మా అమ్మ ఎండుచేపలు ఆరబెట్టే వల మీదే వాటినీ ఆరబెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పిల్లి ఎత్తుకుపోయింది," అన్నాడు ఆటో ఆనంద్ పాల్.

"ఒక్క పిల్లా? ఏలూరు పిల్లులన్నీ వచ్చాయి బావా! వన్‌టౌన్‌వి ఓ వరస, టూటౌన్‌వి ఓ వరస. వాటిని చూసి, ఇక్కడేదో భోజనాలు పెడుతున్నారనుకుని కొల్లేరు నుంచి గూడబాతులు దిగాయి. అన్నింటినీ అదిలించి, ఎర్రదో పక్కా పచ్చదో పక్కా చెవికి తగిలించగానే, అబ్బ, ధగధగ! అటు వచ్చే రైలు డ్రైవరు ఎర్రది చూసి ఆపాడు. లోలాకులున్న తల ఇటు తిరగగానే పచ్చది చూసి కదిలించాడు. మళ్ళీ ఎర్రది. రైలు అలా ఊగీ ఊగీ, లోపలున్నవాళ్ళంతా ఉయ్యాలనుకుని నిద్రపోయారు. తాడేపల్లిగూడెంలో దిగాల్సినవాళ్ళు ఎక్కడ తేలారో ఇప్పటికీ తెలీదు!"

"ఒరే, నా టీ పొయ్యనివ్వరా," అని యేసమ్మత్త నవ్వాపుకోలేక గిన్నె దించేసింది.

"ఇంతలో వానండీ! నీళ్ళు తగలగానే పొలుసులకి సొంతూరు గుర్తొచ్చింది. చెవుల్లోంచి జారి, పక్కనే పారే తమ్మిలేట్లోకి దూకి, ఈదుకుంటూ పోయాయి! నేను బండేసుకుని గట్టు వెంట పడ్డాను. కొల్లేటికోట చేరేసరికి చేపలన్నీ తలలు పైకెత్తి, మాకూ రంగెయ్యి బాబూ అని లైను కట్టాయి. కాదంటే బావుంటుందా? బొచ్చెలకి నీలం, శీలావతులకి గులాబి, కొరమేనుకైతే జరీ అంచు. కొల్లేరంతా పట్టుచీరల కొట్టైపోయింది. ఇంద్రధనుస్సు వచ్చి చూసి, ఇక్కడ మనకేం పనుందని నల్లజర్ల వైపు వెళ్ళిపోయింది!"

ఆనంద్ పాల్‌కి పొలమారింది. నాగదుర్గ గారు కూడా పకపకా నవ్వారు. ఆ నవ్వుకి నేనింక నేల మీద లేను.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా అడిగారు. "అంతా బానే ఉందండీ. ఇందాక చెవికి తగిలించగానే అన్నారు కదా, ఆ చెవి ఎవరిదండీ?"

నా చెయ్యి చొక్కా జేబు మీదకి పోయింది.

"చెప్పరా, కొల్లేరుకే రంగేసినోడివి!" అన్నాడు ఆనంద్ పాల్.

"ఎవరైతేనేం లెండి, అదృష్టవంతురాలు," అంటూ ఆవిడ బ్యాగు భుజాన వేసుకుని లేచారు. ముఖంలో నవ్వు లేదు. అయ్యో, ఆవిడ ఇంకెవరో ఉన్నారనుకుంటున్నారు!

చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాను.

"ఆగండి నాగదుర్గ గారూ! రైలూ లేదు, వానా లేదు. ఇవింకా ఏ చెవికీ ఎక్కలేదండి. మీ కోసమే చేశాను. మీరంటే నాకు చాలా ఇష్టమండి."