ముసలి కత్తివీరుడు చచ్చిపోయే సీను

పారిస్ శివారు స్టూడియోలో ఎడిటింగ్ గది. దర్శకుడు రెమీ, ఎడిటర్ ఒదిల్ పనిలో ఉండగా హాస్యనటుడు ఆన్సెల్మ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"తీసేశావా రెమీ? మొత్తం తీసేశావా?"

"అరవకండి ఆన్సెల్మ్ గారూ, పక్క గదిలో సంగీతం రికార్డు చేస్తున్నారు."

"చేసుకోనీ. నేను చచ్చిపోయే సీను ఉందా, లేదా?"

"అంటే... వెలుతురు సరిగ్గా పడలేదండీ. మీ టోపీ ఈక నీడ మొహం మీద..."

"కత్తిపోటు తిని కోట మెట్ల మీద దొర్లినవాడికి టోపీ ఎక్కడిది?"

"టోపీ కాదు, అదే... గుర్రం. వెనకాల గుర్రం సకిలించింది. మీ మాట వినపడలేదు."

"మాటే కదా, మళ్ళీ చెప్తాను. మైకు తెప్పించు. ఇప్పుడే తెప్పించు."

"ఒదిల్, నువ్వైనా చెప్పు."

"నన్ను లాగకండి సార్. కత్తిరించమన్నది మీరు. వద్దని మొత్తుకున్నది నేను."

"ఒదిల్!"

"చూశావా, అమ్మాయి వద్దంది! ఈ సినిమాకి మూలమైన నవల మా అమ్మ చదివి వినిపించేది నాకు. ఆ ముసలాడు చచ్చిపోయే చోటు రాగానే పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఈ వేషం ఒప్పుకున్నదే ఆ చావు కోసం. ఇన్నేళ్ళూ ప్యాంటు జారిపోయేవాణ్ణి నేనే, పేడలో పడేవాణ్ణి నేనే. ఒక్కసారి, ఒక్కసారి మర్యాదగా చావనివ్వరా?"

"ఇది నవ్వుల సినిమా అండీ. ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని వస్తారు."

"నవలలో చస్తాడయ్యా!"

"నవలలో చాలామంది చస్తారు. మనం చంపామా? ఆఖరికి ఆ దుర్మార్గుణ్ణి కూడా పిండి బస్తాలో ముంచి వదిలేశాం."

"మాట మార్చకు. మొన్న లియోన్‌లో సినిమా జనానికి వేసి చూపించారట. నన్ను పిలవలేదు. నవ్వారు, కదూ?"

"ఎవరు?"

"జనం! నేను ప్రాణం విడుస్తుంటే పగలబడి నవ్వారు. అంతేగా? నా పెళ్ళిలో ప్రమాణం చేస్తుంటే ఫాదర్ కూడా నవ్వాడు. మా ఆవిణ్ణి పాతిపెట్టిన రోజు ఎవడో నా మొహం చూసి కిసుక్కుమన్నాడు. నాకు అలవాటే."

"అలా కాదండీ..."

"ఎక్కడ నవ్వారో చెప్పు, చాలు. పడిపోయినప్పుడా? కళ్ళు మూసినప్పుడా? ఆ ముక్క మార్చి చేస్తాను. మీసం తీసేయమంటే తీసేస్తాను."

"మార్చినా లాభం లేదు."

"అంత చెత్తగా చేశానా?"

"సార్, ఎందుకాయన్ని అలా వేపుకు తింటారు? మీరు చెప్పకపోతే నేను చెప్తా."

"ఆగు, నేనే చెప్తాను. ఆన్సెల్మ్ గారూ, ఎవరూ నవ్వలేదు."

"ఊరుకో."

"నిజం. అప్పటిదాకా పడీ పడీ నవ్వినవాళ్ళు ఏడ్చారు. హాలంతా ఏడ్చింది. ఆ తర్వాత హీరో దీపాల గుత్తి పట్టుకుని ఊగాడు, వంతెన కూల్చాడు, బిషప్పు నెత్తిన సూపు గిన్నె బోర్లించాడు. ఒక్కడంటే ఒక్కడు నవ్వలేదు. నిర్మాత నా పీక పట్టుకున్నాడు. అది ఉంచితే మిగతా సినిమా అంతా పోతుంది. నన్నేం చెయ్యమంటారు? పోనీ తిట్టండి."

"మొదట ఏడ్చింది ఎవరు? ఆడమనిషా, మగవాడా? మెల్లిగా చెప్పు బాబూ, తొందరేం లేదు."