ఎవరిస్తో ముందు ఆగిపోయిన గీతలు

ఒరినోకో నది రేవులో, నికనోరా కాఫీ బండి దగ్గర డామినో బిళ్ళలు కలుపుతూ పడవ సరంగు ఎవరిస్తో అందుకున్నాడు.

"నాకు చూపు మందగించిందట! సోమవారం నా చుక్కాని ఇంకొకడి చేతికిస్తారట! ఏ గుడ్డివెధవ కూశాడో గానీ, నిన్న ఆ గీతల బొమ్మల మ్యూజియంలో నన్ను చూసుంటే నోరు మూసుకునేవాడు. మనవరాలు రమ్మంటే ఏదో సరదాకి వెళ్ళాను, అంతే. గోడ నిండా నలుపూ తెలుపూ గీతలు. పక్కకి ఒక్క అడుగేస్తే చాలు, సుళ్ళు తిరుగుతాయట. జనం తూలిపోతున్నారు, ఒకావిడ బెంచీ మీద కూలబడింది. నేను ఎదురుగా నిలబడి ఒక్క చూపు చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది మామా?" అంది నికనోరా కాఫీ వడపోస్తూ.

"ఆగిపోయాయి! కిక్కురుమంటే ఒట్టు. ఇంకాస్త గుడ్లురిమానా, భయంతో నలుపూ తెలుపూ ఒకదాన్నొకటి కావలించుకుని గోడంతా బూడిదరంగైపోయింది. మ్యూజియం పెద్ద పరిగెత్తుకొచ్చి, 'అయ్యా, మీ చూపు తిప్పుకోండి, బొమ్మలు పాడైపోతాయి' అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. సరేలెమ్మని పక్క గదిలోకి వెళ్ళాను. అక్కడ కప్పు నుంచి సన్నటి తీగలు వానధారల్లా వేలాడుతున్నాయి, జనం వాటి మధ్య నడుస్తున్నారు. నేను దూరానో లేదో అది నిజం వానే అయింది! మోకాలి లోతు, నడుం లోతు, పీకల లోతు... చివరికి అందర్నీ నా టోపీలో కూర్చోబెట్టుకుని ఒడ్డుకి చేర్చాను. టోపీకి చుక్కాని కూడా లేదు, ఉత్త చూపుతో నడిపాను!"

నికనోరా పగలబడి నవ్వింది. ఆటకి ఎదురుగా కూర్చున్న, ఎవరిస్తో పడవలోనే ఇంజను చూసుకునే బౌదిలియో మాత్రం నవ్వలేదు.

"బావా, ఆ గీతలు కళ్ళు బాగున్నవాళ్ళకి కదులుతాయి. నిన్న నేనూ మీ వెంట వచ్చాగా, నాకు కదిలాయి, నీ మనవరాలికి కదిలాయి. నీకే ఆగాయి."

"అదే కదా నేను చెప్పేది..."

"ఈమధ్య బిళ్ళ మీద చుక్కలు వేలితో తడుముకుని ఆడుతున్నావు. నేను చూడటం లేదనుకున్నావా?"

ఎవరిస్తో వేలు బిళ్ళ మీదే ఆగిపోయింది. బౌదిలియో కాస్త ముందుకి వంగాడు.

"కంట్లో పొరే కదా బావా, తీసేస్తారు. రేపు కంటి డాక్టరు దగ్గరికి నేనూ వస్తా. నువ్వు తిరిగొచ్చేదాకా ఆ చుక్కాని ఎవణ్ణీ ముట్టుకోనివ్వను."

ఎవరిస్తో బిళ్ళ పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"వస్తాలే గానీ, ఆ డాక్టరుతో ముందే ఓ మాట చెప్పు. నా కళ్ళలోకి చూస్తే ఆయనకి కళ్ళు తిరుగుతాయి."